మా కారు ప్రమాదం కేసూ, మా వారి డిజెబిలిటీ కేసూ చూసిన లా ఆఫీసు గురించి

2022 ఫిబ్రవరిలో డాలస్ ఉత్తర శివార్లలో ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్న మా కారును ఒక పికప్ ట్రక్కు వెనక నుంచి గుద్దింది. ఆ రోజు మా వారు తన కాళ్ళ మీద తానే ఇంటికి నడిచి వచ్చారు కనుక పెద్ద ప్రమాదం తప్పిందనే అనుకున్నాము. మూడు వారాలు గడిచేసరికి మెడనొప్పి కుడి చేతిలోకి దిగింది, వేళ్ళు మొద్దుబారడం మొదలైంది, మే నెలలో మెడ ఎముకలను కలిపే ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆయన డేటాబేస్ ఉద్యోగి. ఆపరేషన్ తర్వాత కూడా నలభై నిమిషాలకు మించి కుర్చీలో కూర్చోలేకపోవడంతో ఉద్యోగం ఆగిపోయింది. అక్కడి నుంచి 2024 చివరి వరకు మా తరఫున కాగితాలు నడిపిన లా ఆఫీసు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బాగున్నవాటితో పాటు లోపాలు కూడా చెప్పబోతున్నాను కనుక ఆఫీసు పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్ళు చేసిన పని ఏమిటో తెలిస్తేనే, ఇదే స్థితిలో ఉన్నవారికి మరొక ఆఫీసును అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది.

మేము వాళ్ళ దగ్గరకు వెళ్ళకముందే, ప్రమాదం జరిగిన రెండో రోజున, ఎవరో ఫోన్ చేసి క్లినిక్కు, లాయర్ను, అద్దె కారును అన్నీ తామే చూస్తామన్నారు. మేము అడగకుండానే వచ్చిన ఆ ఫోను వెనక ఏముందో అప్పుడు నాకు తెలియదు. టెక్సస్‌లో లాయర్లు గానీ, వారి మనుషులు గానీ ప్రమాదానికి గురైనవారిని తమంతట తాము ఫోనులోనో నేరుగానో కలిసి కేసు అడగడం నేరం, ఉత్తరం ద్వారా అడగాలన్నా ప్రమాదం జరిగి ముప్పై రోజులు దాటాలి. మేము ఎంచుకున్న ఆఫీసు ఒక స్నేహితురాలి మాట మీద దొరికింది. వెళ్ళే ముందు లాయర్లకు లైసెన్సులు చూసే రాష్ట్ర బార్ సంస్థ వెబ్‌సైటులో ఆ ఆఫీసులోని ఇద్దరు లాయర్ల లైసెన్సు, క్రమశిక్షణ చర్యల చరిత్ర చూసుకున్నాను. అది ఉచితం, ఐదు నిమిషాల పని.

మొదటి సంప్రదింపు కూడా ఉచితమే. అయితే ఉచితం కావడం వల్ల కాదు, ఆ గంటసేపు ఆ లాయర్ మాట్లాడిన తీరు వల్ల నేను సంతకం చేశాను. ఎంత డబ్బు వస్తుందని ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. మా కారు పాలసీ మొదటి పేజీ తెప్పించుకుని, అందులో ఒక్కో వరుస మీద పెన్ను పెట్టి మాకు ఎన్ని దారులు ఉన్నాయో చూపించారు. గుద్దినవాడి పాలసీ టెక్సస్ చట్టం అడిగే కనీస మొత్తానిది, అంటే ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్ల వరకే. ఆపరేషన్ బిల్లు ముందు అది ఏ మూలకూ రాదు. మా సొంత పాలసీలో, ఎదుటివాడి బీమా సరిపోనప్పుడు మన కంపెనీయే చెల్లించే భాగం 100,000 డాలర్లకు ఉంది. ఇది కాక తప్పు ఎవరిదైనా వైద్యానికీ, పోయిన జీతంలో 80 శాతానికీ వర్తించే 2,500 డాలర్ల చిన్న భాగం ఉంది. టెక్సస్‌లో ఈ రెండు భాగాలూ బీమా కంపెనీ తప్పనిసరిగా ఇవ్వజూపాలి, వద్దనుకుంటే పాలసీదారు రాతపూర్వకంగా వదులుకోవాలి. మేము పాలసీ కొన్ననాడు ప్రీమియం తగ్గుతుందని వదులుకోబోయి, ఏజెంటు పట్టుబట్టడం వల్ల ఉంచుకున్నాము. ఇది చదివే ప్రతివారూ ఈ రోజే తమ పాలసీ తీసి ఆ రెండు వరుసలు ఉన్నాయో లేదో చూసుకోవాలని నా కోరిక.

కారు కేసు వరకు వారి పనిలో నాకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదుటివాడి బీమా కంపెనీలో క్లెయిములు చూసే అడ్జస్టర్ మా వారి మాటలు రికార్డు చేసుకోవాలని అడిగినప్పుడు, ఆ కంపెనీకి అలా ఇవ్వవలసిన బాధ్యత మాకు లేదనీ, సహకరించవలసిన బాధ్యత మా సొంత కంపెనీ పట్ల మాత్రమే ఉందనీ చెప్పి ఆ పని ఆపించారు. 30,000 డాలర్లకు ఒప్పుకునే ముందు మా సొంత కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నారు. ఆ అనుమతి లేకుండా ఎదుటివాడిని విడుదల చేస్తూ సంతకం పెడితే, మా సొంత పాలసీలోని 100,000 డాలర్ల దగ్గర పేచీ పెట్టే అవకాశం కంపెనీకి దొరుకుతుందట. టెక్సస్‌లో ఇలాంటి దావా వేయడానికి గడువు రెండేళ్ళు. మాకు దావా అవసరం రాకుండా 2023 మార్చిలోనే రెండు మొత్తాలూ వచ్చాయి, కనుక వారి వాటా మూడో వంతు దగ్గర ఆగింది. దావా వేసి ఉంటే ఒప్పందం ప్రకారం అది 40 శాతం అయ్యేది.

ఇక్కడ లెక్క పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి సమీక్షల్లో ఎవరూ చెప్పరు. వచ్చినది 130,000 డాలర్లు. ఫీజు 43,333. రికార్డులు, పోస్టేజీ వంటి ఖర్చులు 2,140. మా ఉద్యోగ ఆరోగ్య బీమా, తాను చెల్లించిన ఆసుపత్రి బిల్లులకు గాను 41,000 తిరిగి ఇమ్మని అడిగింది, ఆఫీసు వాళ్ళు రెండు నెలలు ఉత్తరాలు రాసి దాన్ని 24,000కు దించారు. మా చేతికి వచ్చినది 60,527. ఆరోగ్య బీమాకు తిరిగి కట్టవలసి ఉంటుందన్న సంగతే తెలియక పరిష్కారం డబ్బంతా ఖర్చు పెట్టుకున్నవారు నాకు తెలుసు. ఆ 17,000 తగ్గించడం కోసం పడిన శ్రమకు వారు విడిగా ఏమీ తీసుకోలేదు.

అసలు విషయం రెండో కేసులో ఉంది.

మా వారి కంపెనీ ఇచ్చిన లాంగ్ టర్మ్ డిజెబిలిటీ పాలసీ, అంటే ఆరోగ్యం వల్ల చాలాకాలం పని చేయలేనివారికి జీతంలో కొంత ఇచ్చే బీమా, పని ఆగిన 180 రోజుల తర్వాత జీతంలో 60 శాతం ఇవ్వాలి. 2023 జనవరిలో అది తిరస్కరణకు గురైంది. ఆ ఉత్తరం పద్నాలుగు పేజీలు. సారాంశం ఏమిటంటే, ఆయనది కూర్చుని చేసే తేలిక పని, అంటే ఎనిమిది గంటల్లో సుమారు ఆరు గంటలు కూర్చోవడం, పది పౌన్లకు మించి ఎత్తకపోవడం, కనుక ఆ పని ఆయన చేయగలరు. దీనికి ఆధారంగా, మా వారిని ఎన్నడూ చూడని ఒక డాక్టరు కాగితాలు చదివి రాసిన అభిప్రాయంతో పాటు, మా సొంత డాక్టరు నోట్సులోని ఒక వాక్యాన్ని పెట్టారు. ఆపరేషన్ తర్వాత మూడో సందర్శనలో రోగి తాను బాగానే ఉన్నానని చెప్పినట్టు ఆ వాక్యం.

ఆ రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను. డాక్టరు లోపలికి వస్తూ ఎలా ఉన్నారని అడిగారు, మా వారు అలవాటు కొద్దీ బాగానే ఉన్నానండీ అన్నట్టుగా ఇంగ్లీషులో జవాబిచ్చారు. మనం పెరిగిన తీరే అది. ఎవరు అడిగినా ముందు పర్వాలేదు అంటాము, ఆ తర్వాత మెల్లగా కష్టం చెబుతాము. ఆ మొదటి మాట మర్యాద కోసం అన్నదని కంప్యూటరులో టైపు చేసేవారికి తెలియదు, నెలల తర్వాత ఆ రికార్డు చదివే బీమా ఉద్యోగికి అంతకన్నా తెలియదు. ఆ తర్వాత చెప్పిన మొద్దుబారడం, రాత్రి నిద్ర పట్టకపోవడం నోట్సులో ఎక్కడా లేవు.

ఆ ఉత్తరం వచ్చిన వారంలోనే నేనే కూర్చుని రెండు పేజీల అప్పీలు రాశాను. ఇది అన్యాయమనీ, మరోసారి పరిశీలించమనీ దాని భావం. కవరు అంటించి, పోస్టులో వేసే ముందు ఎందుకైనా మంచిదని కారు కేసు లాయర్‌కు ఫోటో పంపాను. పది నిమిషాల్లో ఆయన ఆఫీసులోనే డిజెబిలిటీ కేసులు చూసే లాయరమ్మ నుంచి ఫోను వచ్చింది. పోస్టు చేయకండి అన్నది ఆవిడ మొదటి మాట.

కారణం ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. ఉద్యోగం ద్వారా వచ్చే ఇలాంటి పాలసీలకు దాదాపు అన్నిటికీ 1974లో వచ్చిన ఎరిసా అనే సమాఖ్య చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం తిరస్కరణ మీద కంపెనీకే అప్పీలు చేసుకోవడానికి 180 రోజులు ఉంటాయి. అప్పీలు కూడా పోతే కోర్టుకు వెళ్ళవచ్చు, కానీ అక్కడ జ్యూరీ ఉండదు, కొత్త సాక్ష్యం సాధారణంగా తీసుకోరు, జడ్జి చూసేది బీమా కంపెనీ ఫైలులో అప్పటికే ఉన్న కాగితాలనే. అంటే మనం మామూలు అప్పీలు అనుకునేదే నిజానికి సాక్ష్యం పెట్టడానికి ఉన్న చివరి అవకాశం. నా రెండు పేజీల ఉత్తరం వెళ్ళి ఉంటే ఆ అవకాశం దానితోనే ఖర్చయిపోయేది. ఈ ఒక్క ఫోను వల్లనే, తర్వాత చెప్పబోయే లోపాలన్నీ ఉన్నా, ఈ ఆఫీసు మీద నాకు కృతజ్ఞత పోదు. తిరస్కరణ వచ్చాక లాయర్ దగ్గరకు వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడేవారు అప్పీలు ఓడిపోయిన తర్వాత వెళ్దాంలే అనుకోవడం సహజం, కానీ లాయర్ చేయగలిగిన పనిలో ఎక్కువ భాగం అప్పీలుకు ముందే ఉంది.

వారు మొదట చేసినది కంపెనీ నుంచి పూర్తి క్లెయిమ్ ఫైలు తెప్పించడం. అడిగితే అది ఉచితంగా ఇచ్చి తీరాలి. 640 పేజీలు వచ్చాయి. అందులో, మా వారు ఒక రోజు కిరాణా సంచి పట్టుకుని కారు దగ్గరకు నడిచినట్టు ఎవరో గమనించి రాసిన అర పేజీ కూడా ఉంది. ఆ తర్వాత నాలుగు నెలలు ఫైలు కట్టడమే పని. రెండు రోజుల పాటు ఫిజికల్ థెరపిస్టు ఎదుట కూర్చోవడం, నిలబడడం, పట్టుకోవడం కొలిచే పరీక్ష చేయించారు. అది మా ఖర్చు, 1,800 డాలర్లు. సర్జన్‌కు ఉత్త ఉత్తరం అడగకుండా, ఎన్ని నిమిషాలు కూర్చోగలరు, గంటకు ఎన్నిసార్లు విరామం కావాలి, నెలకు ఎన్ని రోజులు పనికి రాలేకపోవచ్చు అన్న ప్రశ్నలతో ఒక ఫారం పంపారు. మా వారి టీమ్ లీడ్ దగ్గర ఆ ఉద్యోగంలో నిజంగా ఏమి చేయాలో రాయించారు, ఎందుకంటే అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే ఐదు గంటలు కదలకుండా కూర్చోవలసిన పనిని తేలిక పని అన్న ఒక్క మాటలో పెట్టేశారు.

నాకు అప్పగించినది డైరీ. వంటింట్లో వాడే టైమరు ఆయన టేబుల్ మీద పెట్టి, కూర్చున్నప్పుడు నొక్కి, లేచినప్పుడు చూసి రాయాలి. మొదటి రోజు 38 నిమిషాలు, 22 నిమిషాలు, 31 నిమిషాలు, ఆ తర్వాత మంచం. యాభై రెండు రోజులు అలా రాశాను. బాధ అన్న మాట వాడవద్దు, ఏమి చేయబోయి ఏమి చేయలేకపోయారో మాత్రమే రాయండి అని లాయరమ్మ చెప్పడం వల్ల, చొక్కా గుండీలు, కాఫీ కప్పు, పిల్లవాడి షూ లేసు, ఇవే ఆ పేజీల నిండా ఉన్నాయి. జూన్‌లో అప్పీలు వెళ్ళినప్పుడు నా రెండు పేజీలు 412 పేజీలు అయ్యాయి. కంపెనీకి నిర్ణయానికి 45 రోజులు, కారణం చూపితే మరో 45 రోజులు గడువుంటుంది. వాళ్ళు రెండూ వాడుకున్నారు. సెప్టెంబరులో తిరస్కరణ రద్దయి, మొదటి నుంచి రావలసిన బకాయి వచ్చింది.

పని చేయలేనివారికి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీ దరఖాస్తు ఇదే కాలంలో నడిచింది, దాన్నీ ఈ ఆఫీసే చూసింది. పని చేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినందుకు వచ్చే క్రెడిట్లు ముప్పై ఒకటి దాటినవారికి సాధారణంగా చివరి పదేళ్ళలో సంపాదించినవి 20 ఉండాలి, వయసు పెరిగేకొద్దీ మొత్తం 40 వరకు కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు. హెచ్-1బీ వీసా మీద పనిచేసిన కాలమూ ఇందులో లెక్కకు వస్తుంది, భారతదేశంలో చేసిన ఉద్యోగం రాదు, ఎందుకంటే రెండు చోట్ల చేసిన పనిని కలిపి లెక్కించే ఒప్పందం ఈ రెండు దేశాల మధ్య లేదు. మొదటి దరఖాస్తు, పునఃపరిశీలన రెండూ తిరస్కరణే. ప్రతి మెట్టుకూ ఉత్తరం అందిన నాటి నుంచి 60 రోజుల గడువు, ఉత్తరం తేదీ తర్వాత ఐదు రోజులకు అందినట్టు లెక్క. ఈ గడువులను ఆఫీసు వాళ్ళు ఒక్కసారి కూడా చివరి వారం దాకా లాగలేదు.

2024 సెప్టెంబరులో జడ్జి ముందు విచారణ వీడియోలో జరిగింది, గంట లోపే. మా వారు మధ్యలో రెండుసార్లు లేచి నిలబడవలసి వచ్చింది, జడ్జి కూర్చోమనలేదు. చివర్లో, ఉద్యోగాల గురించి చెప్పే నిపుణుడిని జడ్జి అడిగారు, ఇలాంటి మనిషి తేలిక పని చేయగలరా అని. చేయగలరన్నారు. అప్పుడు మా లాయరమ్మ సర్జన్ ఫారంలోని అంకెలనే తిరిగి అడిగారు, పని వేళలో 15 శాతం పనికి దూరంగా ఉంటూ, నెలకు మూడు రోజులు సెలవు పెట్టే మనిషికి ఏ ఉద్యోగం ఉంటుంది అని. ఏదీ ఉండదు అన్నారు నిపుణుడు. వంటింటి టైమరు, థెరపిస్టు పరీక్ష, సర్జన్ ఫారం అన్నీ ఎందుకు ఒకే దిక్కుగా కట్టారో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. అక్టోబరులో అనుకూలంగా నిర్ణయం వచ్చింది. ఫీజు బకాయిలో నాలుగో వంతు గానీ, ఆ నాటి చట్టపు పరిమితి 7,200 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అది. మాకు 7,200 పడింది, సోషల్ సెక్యూరిటీ వారే పట్టుకుని ఇచ్చారు. ఆ పరిమితి 2024 నవంబరు 30 నుంచి 9,200 అయింది.

ఇక లోపాలు. పెద్దది డబ్బు లెక్కలోనే ఉంది. ప్రైవేటు పాలసీ ఇచ్చే నెలసరి మొత్తంలో సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చేది తగ్గించుకుంటారు, అది పాలసీలోనే ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ బకాయి సుమారు 72,000లో ఫీజు పోను మిగిలిన 64,800 మా ఖాతాలో పడిన మూడు వారాలకు, ఆ మొత్తం తిరిగి కట్టమని బీమా కంపెనీ ఉత్తరం పంపింది. చట్టప్రకారం అది సరైనదే. అయితే ఈ సంగతి మాకు ఆఫీసు ఒప్పందపు తొమ్మిదో పేజీలో ఒక వాక్యంగా తప్ప ఎవరూ నోటితో చెప్పలేదు. ఆ డబ్బుతో ఇంటి అప్పు తీర్చుదామని అప్పటికే మాట్లాడుకున్నాము. అంతకన్నా బాధ కలిగించినది మరొకటి. ప్రైవేటు పాలసీ బకాయిలో వారు 30 శాతం ఫీజు తీసుకున్నారు, ఆ బకాయిలోంచే కొంత భాగాన్ని ఇప్పుడు మేము తిరిగి కడుతున్నాము, అంటే మాకు మిగలని డబ్బు మీద కూడా ఫీజు కట్టినట్టయింది. లెక్క వేసి ఉత్తరం రాశాక, ఐదు వారాల తర్వాత తేడాను తిరిగి ఇచ్చారు. ఇచ్చారు కనుక మెచ్చుకుంటాను, కానీ నేను అడగకుండా ఇవ్వవలసినది అది.

ఇలాంటి ఒప్పందం మీద సంతకం చేసేముందు, ఫీజు తగ్గింపులకు ముందు మొత్తం మీదా తర్వాత మొత్తం మీదా అన్నదీ, రాబోయే నెలల చెల్లింపుల మీద ఎంతకాలం కొనసాగుతుందన్నదీ రాతలో అడగండి. మాకు ముందు ఇచ్చిన కాగితంలో ఆ చెల్లింపులు వచ్చినంతకాలం అని ఉంది. అడిగితే 24 నెలలకు కుదించారు, పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

మాటలు అందడం గురించి కూడా చెప్పాలి. లాయరమ్మతో నేరుగా మాట్లాడగలిగినది రెండేళ్ళలో ఏడుసార్లు. మిగతాదంతా ఆవిడ దగ్గర పనిచేసే పారాలీగల్‌తో, అంటే సహాయకురాలితో, నడిచింది. ఆ అమ్మాయి ఓపికా జాగ్రత్తా ఉన్న మనిషి, కానీ 2023 శీతాకాలంలో ఆమె మానేసినప్పుడు ఆరు వారాలు మా ఈమెయిళ్ళకు జవాబు లేదు. అప్పుడు గడువులేవీ లేకపోవడం మా అదృష్టం. ఆ తర్వాత వచ్చిన అబ్బాయికి ఫైలు మొదటి నుంచి నేనే చెప్పాను.

చిన్న గాయాలతో, స్పష్టంగా ఎదుటివాడిదే తప్పయిన, బిల్లులు కొద్దిపాటివైన ప్రమాదానికి ఈ ఆఫీసు అవసరమని నేను అనను. అలాంటి కేసులో మూడో వంతు ఫీజు పోతే మిగిలేది తక్కువ. ఆ మాట మొదటి సమావేశంలో లాయర్ కూడా అన్నారు. ఆపరేషన్ వరకు వెళ్ళిన గాయానికీ, ఉద్యోగపు డిజెబిలిటీ పాలసీ తిరస్కరణకూ మాత్రం ఐదుకు నాలుగు ఇస్తాను, పోయిన ఒకటీ ఆ తొమ్మిదో పేజీ వాక్యానిది.

2024 నవంబరుతో పాలసీలోని మొదటి 24 నెలలు పూర్తయ్యాయి. అప్పటి వరకు తన సొంత వృత్తి చేయలేకపోతే చాలు, ఆ తర్వాత ఏ వృత్తీ చేయలేరని చూపాలి. పరిశీలన మొదలైనట్టు కంపెనీ నుంచి ఉత్తరం రాగానే ఆఫీసుకు పంపాను. వారం తిరగకుండా జవాబు ముసాయిదా వచ్చింది, సోషల్ సెక్యూరిటీ నిర్ణయం జతచేసి, సర్జన్‌కు కొత్త ఫారం కూడా వెళ్ళింది. టైమరు మళ్ళీ ఆయన టేబుల్ మీదకు చేరింది.